పదకొండు గంటలకు రాజేంద్రనగర్‌ల

గుడిమల్కాపూర్ మార్కెట్‌ల
తెల్లారుజాము నాలుగుంబావు.
బంతి కిలో పన్నెండన్నడు దలాలి.
నీ మూటల చెయ్యి పెట్టి, వేళ్ళు వాసన జూసుకుని
తొమ్మిదికి దిగిండు.
నువ్వేమనలే పెంటన్నా.
తడిసిన పువ్వును ఎట్ల దాస్తవు?

పేపరోళ్ళు అకాల వర్షమని రాస్తరు రేపు.
ఒక్క ఏడు వస్తే అకాలం.
నాలుగేండ్ల సంది అదే వారంల వస్తుంటే
దాన్ని ఏమనాలె?
మా నాయిన కార్తెలు వేళ్ళ మీద లెక్కవెడుతుండె.
ఇప్పుడు కార్తెలు క్యాలెండర్ల ఉన్నయి,
మొగులు ఫోన్ల ఉన్నది,
రెండూ సగం సార్లు అబద్ధమే ఆడుతున్నయి.
ఉత్తర జూసి ఎత్తర గంప అన్నరు పెద్దలు.
గంప ఎత్తుకుని ఏడికి పోదాం?
పట్నమే మన చేను గట్టు దాకా వచ్చి కూసున్నది.

అగో, మస్తాన్ భాయ్‌ని అడుగు.
నీ పువ్వును కుళ్ళవెట్టిన వానే
టోలిచౌకిల ఆయన ఇంట్ల మోకాలి లోతు నిలిచిందట.
స్టవ్వు మంచమ్మీద పెట్టి, పిల్లల్ని బావమరిది ఇంట్ల దించి
గీడికొచ్చి మనకు చాయ్ పోస్తున్నడు.

మొన్న ఫిర్దౌస్ మేడం స్కూటీ మీద వచ్చి
మనిద్దరికీ కలిపి ఒకటే కాయిదం ఇచ్చింది.
రాత్రి కండ్లద్దాలు పెట్టుకుని నేను మొత్తం చదివిన.
పదహారు పేజీలు.
రైతు అన్న మాట ఆరో పేజీల మొదలైతది.
తెల్లారి నీకిస్తే
నువ్వు దాంట్ల కొత్తిమీర చుట్టినవ్.

నువ్వు అడిగింది తప్పుగాదు.
అద్దాల మేడలు బయటికి ఉమ్మే వేడికి
మన మడి ఎందుకు జుర్మానా కట్టాలె?
గా మాటనే అక్కడ అనాలె అన్నా.
ఈ మెట్ల మీద అంటే నేనొక్కడినే వింట,
నాకు నిరుటి సంది ఎరుకే.

నేను మాత్రం సుద్దపూసనా?
పత్తికట్టె కాలవెట్టిన.
పొగ రోడ్డు మీద కమ్మి
స్కూలు ఆటో లైట్లేసుకుని పోయింది పట్టపగలు.
ఎవరిదని అడిగితే పక్క చేను పేరు చెప్పిన.
ఐదు బోర్లేసిన.
ఐదోది ఏడువందల నలభై ఫీట్లు పోయి
నా మీసాల మీద తెల్లపొడి చల్లింది.
ఇంకో యాభై దింపుదామా అన్నడు బోరు పిలగాడు.
ఆ రోజు ఇంటికి పోబుద్ధి గాలే.

తర్వాత పల్లంల అర్ధెకరం విడిచి గుంత తవ్విచ్చిన.
నా పెండ్లాం నెల రోజులు మాట్లాడలే.
గొప్పేం గాలే.
బర్లకు మే నెల దాకా నీళ్ళున్నయి, అంతే.
కానీ పెంటన్నా,
మే నెల దాకా.

అందుకే అంటున్న.
చెరువు శిఖంల ప్లాట్లు ఆపుతమని పదో పేజీల రాసిండ్రు,
దానికి రెండు చేతులెత్తుదాం.
కట్టె కాలవెట్టొద్దంటే సరే,
తునకలు జేసే మిషిను ఊరికొకటి రావాలె అని రాయిద్దాం.
వరి తగ్గిచ్చి జొన్న ఏస్తం,
మొదటి రెండేండ్ల నష్టం ఎవరి ఖాతల పడతదో
మైకు ముంగట చెప్పమందాం.
మనం పోకపోతే గూడ చట్టం వస్తది.
మన చేను జూడనోడు రాసింది వస్తది.

తెల్లారుతున్నది.
ఊడ్చేటోళ్ళు చీపుర్లతోని అటుదిక్కు మొదలువెట్టిండ్రు.
అమ్ముడుపోని పువ్వు మోకాలెత్తు కుప్పయింది,
ఇంకా రంగు తగ్గలే దానికి.
మెహదీపట్నంల బస్సెక్కితే
అత్తాపూర్ మీదికెల్లి గంటల పోతం.
మొఖం కడుక్కో, నల్లా వస్తున్నది.

ముందు ఆ కొత్తిమీర కట్ట విప్పు.
కాయిదం కావాలె.
కొత్తిమీర నా తువ్వాలల కట్టుకుంట తియ్.